షబ్లీ సీసాలు, సువార్తరావు ముక్కు

సువార్తరావుకి భయం మొదట వంటింటి గుమ్మంలో పట్టుకుంది. దోహాలోని నజ్మా పేటలో వాళ్ళుండే ఫ్లాట్‌లో భార్య మేరీ మెత్తళ్ళ ఎండుచేపలు వేయిస్తోంది. పక్కవాళ్ళు విసురుగా తలుపు వేసుకున్న చప్పుడు కూడా వినపడింది. అతను డ్యూటీ నుంచి వచ్చి, బూట్లు విప్పుతూ, "ఇవాళ కూరేంటి?" అని అడిగాడు.

మేరీ గరిటె ఆపి వెనక్కి తిరిగింది. "ఎగతాళా? మెట్ల మీద నుంచే కొడతంటే మీకు తెలీట్లేదా?"

అతను పొయ్యి దగ్గరికి వెళ్ళి మూకుడు మీదికి వంగాడు. వేడి ఆవిరి ముఖానికి తగిలింది. అంతే. ఇంకేమీ లేదు. కాఫీ పొడి డబ్బా మూత తీశాడు. బాత్రూంలోకి వెళ్ళి ఫినాయిల్ సీసా ముక్కుకి ఆనించుకున్నాడు. కళ్ళు మండాయి తప్ప వాసన రాలేదు. జూన్‌లో వారంపాటు కాసిన జ్వరం తగ్గింది, జలుబు తగ్గింది. ఇదొక్కటీ వెనక్కి రాలేదు.

"అదే వత్తాది లెండి. కంగారు పడకండి," అంది మేరీ. ఆమె క్లినిక్‌లో నర్సు. జ్వరం తర్వాత వాసన పోయినవాళ్ళని చాలామందిని చూసింది. కొందరికి తిరిగి వచ్చింది, కొందరికి రాలేదు. ఆ రెండో మాట ఆమె నోటివెంట రాలేదు. కాని ఆమె గరిటె మళ్ళీ తిప్పడానికి తీసుకున్న వ్యవధిలో అతనికి అది అర్థమైంది.

వంటవాడికైనా గుమాస్తాకైనా వాసన పోతే ఇబ్బందే. సువార్తరావుకి మాత్రం ఉద్యోగమే ముక్కు.

అతనిది నరసాపురం. దోహాకి వచ్చిన కొత్తలో హోటల్ వంటింట్లో ప్లేట్లు కడిగాడు. తర్వాత బల్లల దగ్గర నీళ్ళు పోశాడు. ఇప్పుడు వెస్ట్‌బేలోని పెద్ద హోటల్లో, సముద్రం కనపడే రెస్టారెంట్‌లో వైన్ స్టీవార్డు. సీసా తెరవడం, బిరడా వాసన చూడడం, గ్లాసులో చుక్క వేసి వాసన చూడడం, బాగుంటే అతిథి దగ్గరికి తీసుకెళ్ళడం అతని పని. ఎప్పుడో ఒకసారి బిరడా చెడి, వైన్‌కి ముక్కిన బియ్యం వాసన పడుతుంది. దాన్ని అతిథి పసిగట్టేలోపే పక్కన పెట్టాలి. ఆ పనిలో అతన్ని మించినవాడు ఆ హోటల్లో లేడని పేరు.

చిత్రమేమిటంటే అతను ఇంతవరకూ ఒక్క చుక్క వైన్ రుచి చూడలేదు. బాప్టిస్టు సంఘంలో పెరిగినవాడు. బాప్తిస్మం తీసుకున్న రోజున మద్యం నోట పెట్టనని సంఘం ముందు నిలబడి చెప్పాడు. ఆ మాట తప్పినవాడు ప్రభువు బల్లలో, అంటే సంఘమంతా రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆచారంలో, చెయ్యి వేయకూడదు. వాసన చూడడం తాగడం కాదని తనకు తానే తీర్పు చెప్పుకుని, ఆ గీత దాటకుండా ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చాడు. చర్చిలో మాత్రం 'హోటల్ స్టోర్స్‌లో' అని చెప్పేవాడు.

అతని పైఅధికారి విన్సెంట్. విజయవాడ గుణదల మనిషి, ఆర్సీయం క్యాథలిక్కు. హోటల్ వైన్లన్నిటికీ అతనే పెద్ద. సువార్తరావుని 'ముక్కురావు' అని పిలుస్తాడు.

"మా ఫాదరుగారు ప్రతి పూజలోనూ గుటక వేస్తారు. మాకు లేని పాపం మీ బాప్టిస్టులకి ఎక్కణ్ణుంచి వచ్చిందయ్యా?" అనేవాడు.

"మీ ఫాదరుగారు తాగాక మిగిలితేగా సార్, మీ దాకా వచ్చేది," అనేవాడు సువార్తరావు.

జ్వరానికి ముందు, ఆ ఏడాది చలికాలంలో షబ్లీ సీసాలు వచ్చినప్పుడు కూడా ఇలాగే నవ్వుకున్నారు. షబ్లీ అంటే ఫ్రాన్సులో ఒక ఊరు. ఆ చుట్టుపక్కల పండే షార్డొనే ద్రాక్షతో చేసే తెల్ల వైన్‌కీ అదే పేరు. విన్సెంట్ చల్లగదిలో పెట్టె మీద కూర్చుని పాఠం చెప్పాడు.

"ఇదే ద్రాక్షని వేడి దేశంలో పండించావనుకో, బంగినపల్లిలాగా ఒళ్ళు చేస్తుంది. పైగా ఓక్ పీపాల్లో పెట్టి వెన్నపూస రుచి పట్టిస్తారు. ఇక్కడ చాలామందికి అదే ఇష్టం. షబ్లీ అలా కాదు. అక్కడ ఎండ పిసినారి. కాయ మెల్లగా పండుతుంది, పులుపు వదలదు. వైన్ సన్నగా, నిక్కచ్చిగా ఉంటుంది. చాలావరకు స్టీలు ట్యాంకుల్లోనే పెడతారు. దాచడానికి ఏమీ ఉండదు. తేడా వస్తే వెంటనే బయటపడుతుంది."

"మట్టి?"

"సున్నపురాయి. ఎప్పుడో అక్కడ సముద్రం ఉండేదట. మట్టి తవ్వితే చిన్నచిన్న ఆల్చిప్పలు రాళ్ళయిపోయి కనిపిస్తాయి."

సువార్తరావు గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. నిమ్మతొక్క తగిలింది, పచ్చి ఆపిల్ తగిలింది. వాటి వెనకాల ఇంకేదో ఉంది. కాసేపటికి దొరికింది. నరసాపురం అవతల ఏటిగట్టు మీద గుల్ల కాల్చి సున్నం చేసేవాళ్ళు. ఆ సున్నం కొట్టిన గోడ మీద తొలివాన పడితే వచ్చే వాసన అది. ఆ మాట అతను పైకి అనలేదు. 'తడిసిన రాయి' అని ఇంగ్లీషులో చెప్పాడు. విన్సెంట్ చప్పట్లు కొట్టాడు.

విన్సెంట్ ఇంకో సంగతి కూడా చెప్పాడు. ఏప్రిల్‌లో తీగ మొగ్గ విచ్చే వేళకి అక్కడ మంచు పడుతుంది. ఒక్క రాత్రిలో ఏడాది పంట మాడిపోవచ్చు. రైతులు తోటంతా లావుపాటి మైనపు దివ్వెలు వెలిగించి కాపలా కాస్తారు. కొన్ని తోటల్లో మొగ్గల మీద నీళ్ళు చిమ్ముతారు. ఆ నీళ్ళు గడ్డకట్టి మొగ్గ చుట్టూ గాజుగుల్లలా నిలుస్తాయి. లోపల మొగ్గ బతుకుతుంది.

"మంచు నుంచి కాపాడ్డానికి మంచే కప్పుతారా?"

"నీళ్ళు గడ్డకడుతున్నంత సేపూ కాస్త వెచ్చదనం వదుల్తాయి. పొద్దెక్కేదాకా చిమ్ముతూనే ఉండాలి. మధ్యలో ఆపావా, మొగ్గ పోయినట్టే."

పొట్ట మీదున్న వరిచేను, రేడియోలో తుఫాను కబురు, గట్టు మీద నిలబడ్డ నాన్న ముఖం సువార్తరావుకి తెలుసు. ఆ రైతుల భయం అతనికి ఎవరూ వివరించనక్కర్లేదు. అతిథులకి ఆ కథ బాగా చెప్పేవాడు.

జూన్ జ్వరం తర్వాత కూడా చెప్పాడు. గ్లాసు తిప్పేవాడు, ముక్కు లోపల పెట్టేవాడు, కళ్ళు సగం మూసేవాడు, తల ఊపేవాడు. చేతులకి పని అలవాటే కనుక ఎవరికీ తేడా తెలియలేదు. కాని ప్రతి సీసాకీ తల ఊపాక అతిథి మొదటి గుటక వేసేదాకా ఊపిరి బిగబట్టి ఆ ముఖమే చూసేవాడు. రోజూ తీర్పు వినే ముద్దాయిలా ఉండేది బతుకు.

జులైలో ఒకరోజు ఒక అతిథి ఎర్ర వైన్ వెనక్కి పంపాడు. విన్సెంట్ వాసన చూసి ముఖం చిట్లించాడు. "ముక్కురావ్, ఇది నువ్వే పాస్ చేశావా?"

"జలుబండీ సార్. కొంచెం."

విన్సెంట్ ఇంకేమీ అనలేదు. అనకపోవడమే సువార్తరావుకి నిద్ర పట్టనీయలేదు.

నిజం చెప్పేద్దామని అనుకోకపోలేదు. అనుకున్నప్పుడల్లా బాషా గుర్తొచ్చేవాడు. బాషాది రాయచోటి. లాబీలో కాఫీ కౌంటర్ చూసేవాడు. వాసన పోయిందని రెండేళ్ళ కిందట దాచకుండా చెప్పాడు. పాపం అన్నారు, డాక్టరు దగ్గరికి పంపారు, సామాన్ల గదిలో వేశారు. కాంట్రాక్టు అయిపోగానే టిక్కెట్టు చేతిలో పెట్టారు. బాషా ఒంటరిగా ఉండేవాడు, ఒంటరిగా వెళ్ళాడు. సువార్తరావు వీసా మీద మేరీ ఉంది, ఇక్కడే ఎనిమిదో తరగతి చదువుతున్న షెరిన్ ఉంది. అతను వెళితే ముగ్గురూ వెళ్ళాలి.

ఆగస్టులో ఒక ఫ్రెంచి కంపెనీవాళ్ళు మధ్యాహ్నం భోజనానికి గది బుక్ చేసుకున్నారు. ఏరికోరి షబ్లీయే కావాలన్నారు. సీసాలన్నీ ముందే తెరిచి, చూసి, వరసగా పెట్టమని విన్సెంట్ పురమాయించాడు. ఆ రోజు ఉదయం సువార్తరావు ఇడ్లీ ముందు పెట్టుకుని కూర్చున్నాడు కాని తినలేదు.

"వాళ్ళ ఊరి వైన్, మేరీ. ఒక్కటి చెడిందుంటే చాలు. పసిగట్టేస్తారు."

మేరీ యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ ఆలోచించింది. "ముక్కు పోతే నోరుంది కదండీ. నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమ్మెయ్యండి. మా క్లినిక్‌లో మౌత్‌వాష్‌లో కూడా స్పిరిట్ ఉంటాది. మింగకపోతే తాగినట్టెలాగవుద్ది?"

"నువ్వేనా అనేది?"

"నేనే అంటన్నా. నా నెత్తినెయ్యండి పాపం," అని బస్సుకి టైమైపోయిందంటూ వెళ్ళిపోయింది.

చల్లగదిలోకి పెట్టెలు మోసుకొచ్చింది పోశన్న. జగిత్యాల దగ్గరి పల్లె అతనిది. లోడింగ్ పని.

"అన్నా, బయట నిప్పులు కురుస్తున్నయ్. నువ్వేమో ఐసుల కూసున్నవ్. నీ అదృష్టం మాకు లేకపాయె," అన్నాడు పెట్టె దించుతూ.

సువార్తరావు తలుపు వైపు చూశాడు. ఎవరూ లేరు. సీసాలు తెరిచి, ఒక్కోదాని ముందు ఒక్కో గ్లాసు పెట్టి చుక్క చుక్క పోశాడు. "పోశన్నా, చిన్న సాయం. ఇవి వాసన చూసి చెప్పు. ఏదన్నా ముక్కవాసన వస్తోందా?"

"నేనా?" పోశన్న నవ్వాడు. "నాకు కల్లు వాసన ఎరుక, బీడీ వాసన ఎరుక. ఇగ దీని సంగతి నాకేం ఎరుకే?" అయినా వంగి వరసగా చూశాడు. "అన్నీ పుల్లపుల్లగనే ఉన్నయ్. మంచిగనే ఉన్నయ్ తియ్. ఏమైంది, నువ్వు చూస్తలెవ్వా?"

"జలుబు."

"ఎండకాలంల జలుబేందన్నా!"

సువార్తరావు గ్లాసులు దగ్గరికి జరిపాడు. చల్లగదిలో ఉన్నా చొక్కా వీపుకి అంటుకుంది. గడియారం చూశాడు. అతిథులు వచ్చే వేళ దగ్గరపడింది. మొదటి గ్లాసు ఎత్తాడు. నోట్లో పోసుకున్నాడు.

పచ్చిమామిడి ముక్క కొరికినట్టు దవడలు లాక్కుపోయాయి. నాలుక పక్కల నుంచి నీళ్ళూరాయి. చల్లగా, పదునుగా, చివర కొంచెం ఉప్పగా. అది తప్ప మరేమీ లేదు. నిమ్మ లేదు, ఆపిల్ లేదు, తడిసిన సున్నం గోడ లేదు. బకెట్‌లో ఉమ్మేశాడు.

"అన్నా, తాగుతున్నవా!" పోశన్న కళ్ళు పెద్దవయ్యాయి. "చర్చి సారువు గదనే నువ్వు."

"నువ్వెళ్ళు పోశన్నా."

పోశన్న నోటి మీద చెయ్యి పెట్టుకుని బయటికి పోయాడు. సువార్తరావు రెండోది పోసుకున్నాడు, ఉమ్మేశాడు. మూడోది. నాలుగోది. ప్రతిదీ అదే పులుపు, అదే ఉప్పదనం. అప్పుడు అర్థమైంది, మొదటే తట్టవలసిన సంగతి. బిరడా దోషం నాలుకకి దొరికేది కాదు. అది ముక్కుకే దొరుకుతుంది. ఇన్నేళ్ళు కాపాడుకున్న మాట పారేసి తెచ్చుకున్నది నోట్లో నీళ్ళు మాత్రమే.

మిగిలిన గ్లాసులు అలాగే ఉన్నాయి. అతను వాటి ముందు నిలబడి ఉండగానే విన్సెంట్ తలుపు తోసుకుని వచ్చాడు. "యల్లా, యల్లా! త్వరగా! కింద వాళ్ళ కార్లు వచ్చేశాయి. అన్నీ ఓకేనా?"

ఓకే అనడం ఎంత పని. తల ఊపితే చాలు. రెండు నెలలుగా అదే చేస్తున్నాడు.

"తెలీదు సార్."

"తెలీకపోవడమేంటి?"

"నాకు వాసన రావట్లేదు. జూన్ జ్వరం నుంచి."

విన్సెంట్ ముఖంలో నవ్వు సగంలో ఆగింది. "జోకా?"

"కాదు సార్."

"అంటే ఆ ఎర్ర సీసా..."

"అవును."

"నిన్న సూట్ రూం వాళ్ళకి పంపినవి?"

"అవీ చూడలేదు. చూసినట్టు చేశాను."

"బుద్ధుందా నీకు? నీ ముక్కుని నమ్మి నేను సంతకాలు పెడుతున్నానయ్యా!" విన్సెంట్ గొంతు పెద్దదైంది. తలుపు వైపు చూసి తగ్గించుకున్నాడు. ఇంకేమీ అనకుండా గ్లాసులు ఒక్కొక్కటే ఎత్తి వాసన చూడడం మొదలుపెట్టాడు. ఒకటి, ఇంకొకటి. ఒక గ్లాసు దగ్గర ఆగి, మళ్ళీ చూసి, దాని సీసా తీసి సింకులో బోర్లించాడు.

సువార్తరావు చూస్తూ ఉండిపోయాడు. అది అతను నోట్లో పోసుకుని బాగుందనుకున్న సీసాల్లోదే. అతిథుల్లో పెద్దాయన ముందు పెట్టడానికి విడిగా తీసి ఉంచింది కూడా అదే. పెట్టె మీద చతికిలబడ్డాడు.

"లే. కూర్చోడానికి ఇప్పుడు టైం లేదు," అన్నాడు విన్సెంట్. "బల్ల దగ్గర నువ్వే పొయ్యి, నువ్వే మాట్లాడు. పైన నాకు ఇంకో పార్టీ ఉంది. మిగతా సంగతి తర్వాత."

ఆ భోజనం ఎలా గడిచిందో అతనికి సరిగ్గా గుర్తులేదు. పోశాడు. మాట్లాడాడు. సున్నపురాయి గురించి, ఆల్చిప్పల గురించి చెప్పాడు. మంచు రాత్రుల గురించీ చెప్పాడు. తోటలో దివ్వెల మధ్య నిలబడి తెల్లవారుతుందా లేదా అని చూసే మనిషి గురించి చెబుతూ ఒక వాక్యం మధ్యలో ఆగిపోయాడు. బల్ల చుట్టూ ఉన్నవాళ్ళు తినడం ఆపి అతని వైపు చూశారు. వాళ్ళలో తెల్లజుట్టు ఆవిడ ఒకరు, మా పెదనాన్నకి అక్కడ తోట ఉండేది, ఆయన ఇలాగే చెప్పేవాడు, అంది. తర్వాత, "మీకు ఈ వైన్‌లో ఏం నచ్చింది?" అని అడిగింది.

"నోట్లో నీళ్ళూరతాయి మేడం," అన్నాడు. ఆవిడ నవ్వింది. అతను నవ్వలేకపోయాడు. గది తలుపు తెరుచుకున్నప్పుడల్లా మేనేజరు పిలుస్తున్నాడేమోనని అటే చూస్తున్నాడు.

పిలుపు సాయంత్రం వచ్చింది. మేనేజరు ఎక్కువ మాట్లాడలేదు. డాక్టరు రిపోర్టు తెమ్మన్నాడు. రేపటి నుంచి ఉదయం టిఫిన్ల సెక్షన్‌లో వేస్తున్నామన్నాడు. కాంట్రాక్టు జనవరిలో అవుతుంది, అప్పుడు చూద్దామన్నాడు. బాషాతో కూడా 'అప్పుడు చూద్దాం' అనే అన్నారు.

బయట కారిడార్‌లో విన్సెంట్ గోడకి ఆనుకుని నిలబడి ఉన్నాడు. "నువ్వంతట నువ్వే చెప్పావని చెప్పాను. దొరికాక చెప్పలేదని చెప్పాను. అంతకంటే నేను చెయ్యగలిగింది లేదు."

"చాలు సార్."

"చాల్దు," అన్నాడు విన్సెంట్ కోపంగా. "జనవరికి ముక్కు వస్తే చాలుతుంది. రాకపోతే ఏదీ చాల్దు. సీసాల జోలికి మాత్రం రాకు."

ఆ రాత్రి మేరీ అంతా విని, చాలాసేపు గ్యాస్ స్టవ్వు తుడుస్తూ ఉండిపోయింది. తుడిచిందే తుడుస్తోంది.

"ఉమ్మేశారు కదా?" అంది చివరికి.

"ఉమ్మేశాను."

"మరింకేం?"

"ఏమో. నోట పెట్టనన్నాను, పెట్టాను. ఎంత పెట్టానని ఎవరూ అడగలేదు అప్పుడు."

సెలవురోజు శుక్రవారం చర్చి కాంప్లెక్స్‌లో తెలుగు ఆరాధన. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. ఆ వారం ప్రభువు బల్ల ఉంది. ఎవరి మనస్సు వారు పరీక్షించుకోమన్నారు పాస్టరుగారు. సువార్తరావు తల వంచుకున్నాడు. మేనేజరు గదిలో కంటే ఇక్కడే అతనికి అరచేతులు ఎక్కువ చెమర్చాయి. అక్కడ ఉద్యోగం పోతుందని భయం. ఇక్కడ ఇన్నేళ్ళుగా 'అన్నా' అని పిలిచే ఈ వరసలన్నీ రేపు ఎలా చూస్తాయోనని. జనవరిలో ఆ ఉద్యోగం పోతే, కొత్తది వెతుక్కునేదాకా ముగ్గురికీ ఈ ఊళ్ళో ఆసరా ఈ వరసలే.

రొట్టె పళ్ళెం వచ్చింది. అతను దాన్ని పక్కాయనకి అందించాడు. వెనకే ద్రాక్షరసం చిన్న కప్పుల పళ్ళెం వచ్చింది. అదీ అందించాడు.

"అన్నా, తీసుకోలేదు," అన్నాడు పక్కాయన గుసగుసగా, మరిచిపోయాడేమోనని. పళ్ళెం వెనక్కి తోశాడు.

సువార్తరావు తల అడ్డంగా ఊపాడు. పక్కాయన ఒక్క క్షణం అతని ముఖంలోకి చూసి, ఏమీ అడగకుండా పళ్ళెం ముందుకి పంపాడు.

ఆడవాళ్ళ వరసలో పళ్ళెం మేరీ దగ్గరికి చేరింది. ఆమె రెండు చేతులా పట్టుకుని, కప్పు ముట్టకుండానే పక్కావిడకి ఇచ్చేసింది. షెరిన్ ఆశ్చర్యంగా తల్లి మోచేతిని పొడిచింది. మేరీ ఎదురుగా చూస్తూ కూర్చుంది, కదల్లేదు.

వేదిక పక్కన నిలబడ్డ సంఘపెద్ద రిచర్డ్ గారు ఇద్దరినీ చూశారు. ఆఖరి పాట అయ్యేసరికి ఆయన కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని వీళ్ళ వరస వైపే నడిచి వస్తున్నారు. సువార్తరావు లేచి నిలబడ్డాడు.